పోటుపాట్ల లెక్కలో కాకినాడ పక్షులు

మాఘ ఫాల్గుణాల్లో కెమెరా భుజాన వేసుకుని కాకినాడ వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెల్లవారుజామునే లేచి, ఆరు గంటలకల్లా తీరానికి చేరుకుంటారు. అడవిలోనో చెరువు గట్టునో పక్షుల్ని చూసి అలవాటైనవాళ్లకు అదే సరైన వేళ. ఇక్కడ మాత్రం చాలాసార్లు ఆ వేళకు ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ ఉండవు. లేదంటే ఎక్కడో దూరాన బురదలో నల్లటి చుక్కలు కదులుతుంటాయి. “ఈ ఏడు పక్షులు సరిగా రాలేదు” అని తేల్చేసి వెనక్కి వెళ్లిపోతారు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి అదే చోట నిలబడినవాళ్లకు పక్షులు గుంపులు గుంపులుగా, మామూలు లెన్సుకు కూడా అందేంత దగ్గరలో కనిపించి ఉండొచ్చు. ఈ తేడాకు కారణం సముద్రపు నీటి మట్టం.

గోదావరి డెల్టాలో పక్షుల్ని అటూ ఇటూ నడిపించేది నీరే. తీరంలో పోటుపాట్లు (నీరు ఎక్కితే పోటు, దిగితే పాటు), పొలాల్లో కాలువ నీళ్లు, రొయ్యల చెరువుల్లో పట్టుబడులు (పెరిగిన రొయ్యల్ని పట్టేయడం), రాజమండ్రి దగ్గర తగ్గుతున్న ఏటి మట్టం చూసుకుంటూ ఉంటే పక్షి ఎక్కడ దొరుకుతుందో చాలావరకు ముందే చెప్పొచ్చు. చలికాలం చివర, అంటే సుమారు ఫిబ్రవరి మొదలు నుంచి మార్చి సగం దాకా, ఈ లెక్క మరీ ముఖ్యం. ఫొటోలకు ఏడాదిలో అంత మంచి కాలం మరొకటి ఉండదు. పక్షుల్ని ఇబ్బంది పెడితే వాటికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేదీ అప్పుడే.

ముందు నేల సంగతి. ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి. దాన్నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు పాయలు మడ అడవుల మధ్య నుంచి వచ్చి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్ అడ్డంగా ఉంటుంది. గోదావరి తెచ్చిన ఇసుకను సముద్రపు అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా, గత రెండు వందల ఏళ్ల కాలంలో ఏర్పడిన సన్నని ఇసుక తిన్నె ఇది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. బయటి సముద్రపు అలల తాకిడి లోపలికి రాకుండా ఈ తిన్నె ఆపుతుంది కాబట్టి అఖాతం లోతు లేకుండా, నెమ్మదిగా ఉంటుంది. పాయలు తెచ్చే ఒండ్రు అక్కడే అడుక్కి దిగి మేట వేస్తుంది. పాటు వేళ బయటపడే ఆ బురద మేటలే వలస పక్షులకు అన్నం పెట్టే చోటు. పక్కనే ఉన్న మడ అడవిని 1978లో కోరింగ అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

పైనుంచి చూస్తే ఆ బురదలో ఏమీ ఉన్నట్టు అనిపించదు. వేలు లోతున సన్నటి పురుగులు, ఇంకాస్త కింద గుల్లలు, బొరియల్లో ఎండ్రకాయలు, పైన నీటి మడుగుల్లో చిట్టి రొయ్యలు ఉంటాయి. లిటిల్ స్టింట్ అనే చిన్న తీరపక్షి ముక్కు పొట్టి, పై పొరే దాని వంతు. శాండ్ ప్లోవర్ కళ్లతో వెతుకుతుంది, కాసేపు పరుగెత్తి ఆగి, కదలిక కనిపించిన చోట పొడుస్తుంది. గాడ్విట్ పొడవాటి ముక్కును కళ్ల దాకా బురదలో దించేసి తడుముతుంది. కిందికి వంగిన కర్లూ ముక్కు ఎండ్రకాయ బొరియలోకి సరిగ్గా దిగుతుంది. ఒకే పంక్తిలో కూర్చున్నా ఎవరి విస్తరి వారిదే అన్నట్టుంటుంది వీటి భోజనం. ఊళ్లో ఉల్లంకి పిట్టలని ఒకే పేరుతో పిలిచేసే ఈ పక్షుల్లో ఇన్ని రకాలు ఒక్క చోట బతకగలగడానికి ఇదే కారణం.

కర్లూ ఎండ్రకాయను తినడం ఒక్కసారైనా నిదానంగా చూడదగ్గది. బొరియలోంచి లాగిన ఎండ్రకాయను అది వెంటనే మింగదు. కాలు పట్టుకుని విదిలిస్తుంది, కాలు ఊడి వస్తుంది. కింద పడిన దాన్ని మళ్లీ పట్టుకుని మళ్లీ విదిలిస్తుంది. డెక్కలు, కాళ్లు చాలావరకు పోయాక, మిగిలిన డిప్పను దగ్గరలో ఉన్న మడుగులో ముంచి కడిగి, అప్పుడు తల పైకెత్తి ముక్కు కొన నుంచి గొంతులోకి ఎగరేస్తుంది. ఇదంతా సాగుతున్నంత సేపూ దాని చూపు చుట్టుపక్కలే ఉంటుంది. ఎవరైనా గబగబా నడిచి వస్తుంటే తినడం ఆపేసి, డిప్ప అక్కడే వదిలేసి ఎగిరిపోతుంది. కెమెరాలో వచ్చేది ఎగురుతున్న పక్షి వీపు. పక్షికి పోయేది అంతసేపు కష్టపడి సంపాదించుకున్న తిండి.

ఇక పోటుపాట్ల విషయానికి వస్తే, కాకినాడ తీరంలో రోజుకు సుమారు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతుంది, సప్తమి అష్టముల్లో ఆ తేడా తగ్గుతుంది. ఇదంతా ఫోన్లో దొరికే పోటుపాట్ల పట్టికలోనే ఉంటుంది. అయితే పల్లెల్లో వేటకు వెళ్లేవాళ్లు పట్టిక లేకుండానే తిథిని బట్టి నీటి వేళ చెబుతారు. దానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. ఒక రేవులో అమావాస్య నాటి పోటు ఏ నెలలోనైనా దాదాపు ఒకే గంటకు వస్తుంది, అక్కడి నుంచి తిథికి ముప్పావు గంట చొప్పున కలుపుకుంటూ పోతే మిగిలిన రోజుల లెక్క వచ్చేస్తుంది. క్యాలెండర్ పక్కన పెట్టుకుని ప్రయాణం వేసుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే లెక్క లేదు.

చలికాలం చివరి పండగలు కూడా ఈ లెక్కలో ఇమిడిపోవడం గమనించాలి. చొల్లంగి అమావాస్యకు, అంటే పుష్య అమావాస్యకు, వేల మంది చొల్లంగి దగ్గర సాగర సంగమంలో స్నానాలు చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. మాఘ పౌర్ణమికి అంతర్వేది తీర్థం. ఆ తర్వాత అమావాస్య ముందు రోజు మహాశివరాత్రి. ఈ మూడూ పెద్ద పోట్ల రోజులే. నీటి పరంగా పక్షులకు మంచి రోజులు, రేవుల్లో జనం పరంగా కష్టమైన రోజులు. పెద్ద పోటు అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు కూడా కొనసాగుతుంది కాబట్టి తీర్థం రద్దీ తగ్గాక, విదియ తదియల్లో వెళ్లడం మేలు.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. మన తూర్పు తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఎత్తుగా ఉంటుంది, ఫిబ్రవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా బాగా తగ్గుతుంది. తీరం వెంట సాగే ప్రవాహం దిశ మారడం దీనికి ఒక ముఖ్య కారణం. వానలు, వరద నీరు తగ్గి సముద్రపు నీటి ఉప్పదనం పెరగడం మరొకటి. కార్తీకంలో పాటు వేళ కూడా పూర్తిగా బయటపడని బురద మేట, మాఘం వచ్చేసరికి చాలాసేపు పైకి తేలి ఉంటుంది. అంటే పక్షులకు తినే చోటూ పెరుగుతుంది, తినే సమయమూ పెరుగుతుంది. దూర ప్రయాణానికి అవి సిద్ధమయ్యే కాలానికి ఇది చక్కగా కుదిరింది.

మరి ఏ వేళ చూడాలి? పూర్తి పాటులో పక్షులు బురదంతా పరుచుకుని దూరంగా ఉంటాయి, టెలిస్కోప్ ఉన్నవాళ్లకు పర్వాలేదు గానీ కెమెరాకు దండగ. పూర్తి పోటులో ఒడ్డు దగ్గర మిగిలిన ఎత్తు నేల మీద గుంపుగా కూర్చుని నిద్రపోతాయి. ఫొటోలకు అనువైనది పాటు తర్వాత నీరు తిరిగి ఎక్కుతున్న రెండు మూడు గంటలు. నీరు ముందుకు వస్తున్న కొద్దీ పక్షులు తింటూ తింటూ ఒడ్డు వైపు జరుగుతాయి. మనిషి ఒక చోట కదలకుండా కూర్చుంటే చాలు, అవే దగ్గరికొస్తాయి. పక్షి వెంట నడిచి తీసిన వంద ఫొటోల కన్నా ఇలా కూర్చుని తీసిన పది ఫొటోలు బాగుంటాయి. పక్షి బెదరదు కాబట్టి దాని సహజమైన పనులు కనిపిస్తాయి.

దీనికి వెలుతురు లెక్క కూడా కలుపుకోవాలి. కాకినాడలో సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఒడ్డున నిలబడి అఖాతం వైపు చూస్తే సూర్యుడు కళ్లలో పడతాడు, పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. నీడ బొమ్మలు కావాలనుకునేవాళ్లకు అదీ బాగానే ఉంటుంది గానీ, ఈకల రంగు, గుర్తింపుకు అవసరమైన చారలు తెలియవు. పైగా మాఘంలో డెల్టా మీద మంచు ఎనిమిదింటి దాకా విడవదు. అది విడిచాక కాసేపటికే బురద వేడెక్కి, దాని పైన గాలి అలలు అలలుగా కదలడం మొదలవుతుంది. లక్షలు పోసి కొన్న 600 మిల్లీమీటర్ల లెన్సైనా ఆ గాలిలోంచి మసకగానే చూస్తుంది. ఫోకస్ పోయిందని లెన్సును తప్పుపట్టడం అనవసరం. మధ్యాహ్నం మూడున్నర దాటాక సూర్యుడు వెనక్కి చేరతాడు, వెలుతురు నేరుగా పక్షి మీద పడుతుంది. నీరు ఎక్కే వేళ మధ్యాహ్నం మూడుకూ ఆరుకూ మధ్య పడే రోజులు పక్షంలో నాలుగైదే ఉంటాయి. పట్టికలో ముందుగా వాటిని వెతికి గుర్తు పెట్టుకుంటే ప్రయాణం వృథా పోదు.

కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక. బురద మేట మీదకు దిగి నడవకూడదు. పక్షుల సంగతి అటుంచినా మనిషికే ప్రమాదం. మోకాలి లోతు దిగబడే చోట్లు పైకి ఏమీ తెలియవు. నీరు ఎక్కేటప్పుడు ఎదురుగా వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది మొదట మన వెనక ఉన్న పాయల్లో నిండి, ఆ తర్వాత మేట మీదకు పాకుతుంది. ఎదురుగా ఇంకా బురదే కనిపిస్తుండగా వెనక దారి మూసుకుపోతుంది.

చలికాలం చివర కాకినాడకు వచ్చేవాళ్లు ప్రత్యేకంగా వెతికే పక్షి ఇండియన్ స్కిమ్మర్. నెత్తి, వీపు నలుపు, మెడ, పొట్ట తెలుపు, ముక్కు నారింజ రంగులో ఉండి కొన పసుపు. అన్ని పక్షులకూ పై ముక్కు పొడవుగానో సమానంగానో ఉంటే దీనికి కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవు. పక్కనుంచి చూస్తే కత్తి అంచులా పలచగా ఉంటుంది. నీటికి ఆనుకుని ఎగురుతూ, నోరు తెరిచి, కింది ముక్కును నీటిలో దించి గీత గీసుకుంటూ పోతుంది. చేప తగిలిన మరుక్షణం తల కిందికి వంగి పై ముక్కు మూసుకుంటుంది. గీత గీసుకుంటూ కొంత దూరం వెళ్లి, తిరిగి అదే గీత మీదుగా వెనక్కి రావడం కూడా చూడొచ్చు. ఎక్కువగా పొద్దుపోయే వేళ, పొద్దు పొడిచే వేళ, రాత్రిపూట వేటాడతాయి. పగలు మిగిలిన సమయమంతా ఇసుక మీదో గట్టి బురద మీదో, అన్నీ గాలికి ఎదురు తిరిగి, గుంపుగా కూర్చుంటాయి. కాకినాడలో కుంభాభిషేకం రేవు దగ్గరి మేట, హోప్ ఐలాండ్ వైపు ఇసుక దిబ్బలు వీటికి చలికాలపు విడిది.

ప్రపంచం మొత్తం మీద ఎదిగిన స్కిమ్మర్లు మూడు వేల కన్నా తక్కువేనని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో వీటిని అంతరించే ముప్పున్న జాతిగా 2020లో చేర్చారు. గుడ్లు పెట్టేది చంబల్, మహానది, గంగ వంటి నదుల ఇసుక దిబ్బల మీద. వేసవిలో ఆ నదుల్లో ఎగువ ఆనకట్టల నుంచి అకస్మాత్తుగా నీళ్లు వదిలితే గూళ్లు కొట్టుకుపోతాయి. నీరు మరీ తగ్గిపోతే దిబ్బ ఒడ్డుకు కలిసిపోయి కుక్కలు, నక్కలు చేరతాయి. ఫిబ్రవరి దాటి మార్చిలోకి వచ్చేసరికి కాకినాడ నుంచి స్కిమ్మర్లు ఆ నదుల దారి పడతాయి. చూడాలనుకునేవాళ్లు శివరాత్రి దాటే దాకా ఆగడం మంచిది కాదు. ఎగిరే స్కిమ్మర్‌ను పట్టాలంటే షట్టర్ వేగం సెకనులో 2,000వ వంతు దాకా ఉండాలి. నల్ల వీపు, తెల్ల పొట్ట ఒకే ఫ్రేములో ఉండటంతో తెలుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోవాలి. కూర్చున్న గుంపును లేపి ఎగిరే ఫొటో తీసుకోవడం మాత్రం ఎవరు చేసినా తప్పే. ఓపిక పడితే అది తనంతట తానే ఎగురుతుంది.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్య ఆసియా, సైబీరియా నుంచి ఇక్కడికి చేరే తీరపక్షులు చలికాలం చివర రెండు పెద్ద పనులు ఒకేసారి మొదలుపెడతాయి. ఒకటి, రంగు మార్చుకోవడం. గాడ్విట్ మెడకు ఇటుక రంగు వస్తుంది, కర్లూ శాండ్‌పైపర్ పొట్ట మీద ఎర్రటి మచ్చలు మొదలవుతాయి, గోల్డెన్ ప్లోవర్ పొట్ట నల్లబడుతుంది. సగం పాత ఈకలు, సగం కొత్త ఈకలతో పుస్తకంలో ఏ బొమ్మకూ సరిపోని పక్షులు కనిపించే కాలం ఇది. ఫొటోలకు ఈ కాలం ప్రత్యేకం కావడానికి సగం కారణం అదే. రెండు, కొవ్వు పట్టించుకోవడం. ఆగకుండా వేల కిలోమీటర్లు ఎగరాలి కాబట్టి బయల్దేరే ముందు కొన్ని జాతులు తమ బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. తీరా బయల్దేరే ముందు ప్రయాణంలో పనిలేని జీర్ణాశయం వంటి భాగాలు కుదించుకుపోయేవీ ఉన్నాయి. ఈ శక్తి ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2022లో ఒక బార్ టెయిల్డ్ గాడ్విట్ అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరినట్టు దానికి అమర్చిన ట్రాన్స్‌మీటర్ చూపించింది.

ఈకలు పెంచుకోవడానికీ కొవ్వు దాచుకోవడానికీ కావాల్సిందంతా ఈ బురదలోంచే రావాలి. అదీ పాటు ఉన్న కొద్ది గంటల్లో. పోటు వేళ కూర్చుని నిద్రపోతున్న గుంపు సోమరిగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, తిన్నది ఒంటబట్టించుకోవడం, ఈకలు సవరించుకోవడం ఆ విశ్రాంతిలోనే జరుగుతాయి. ఒక మనిషి గుంపును లేపితే అవి ఒక చుట్టు చుట్టి మళ్లీ దిగుతాయి. పది నిమిషాల తర్వాత మరొకరు లేపుతారు. ఆదివారం నాడు ఇలా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగితే ఆ రోజు సంపాదన ఎగరడానికే ఖర్చయిపోతుంది. గ్రేట్ నాట్ వంటి జాతులు ఇప్పటికే ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్నాయి. కర్లూ, బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ కూడా ముప్పు అంచున ఉన్నవే. ఆ సమయంలో ఒక ఫొటో కోసం వాటిని లేపడం చిన్న తప్పుగా లెక్కేయడానికి వీల్లేదు.

పక్షి ఎగరబోయే ముందు సంకేతాలు ఇస్తుంది. వాటిని గుర్తుపట్టడం కెమెరా సెట్టింగులు నేర్చుకోవడం కన్నా ముఖ్యం. రెక్కలో దూర్చుకున్న ముక్కు బయటికొస్తుంది. ఒంటికాలి మీద నిలబడ్డది రెండో కాలు దించుతుంది. మెడలు పొడవవుతాయి. గుంపులో ఒక అంచున ఉన్నవి నెమ్మదిగా అవతలి వైపుకు నడవడం మొదలుపెడతాయి. ఒకటి రెండు తల పైకీ కిందికీ ఆడిస్తాయి. ఇందులో మొదటిది కనబడగానే ఆగిపోవాలి. కాస్త వెనక్కి జరిగి కింద కూర్చుంటే చాలాసార్లు గుంపు మళ్లీ సర్దుకుంటుంది. నేలకు ఆనుకుని పడుకుంటే పక్షి కంటి ఎత్తుకు లెన్సు చేరి ఫొటో కూడా అందంగా వస్తుంది.

మడ అడవి సంగతి కొంచెం వేరు. చొల్లంగి దగ్గర అటవీశాఖ వేసిన చెక్క వంతెన మీద నడుస్తూ తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్ల మధ్య పక్షుల్ని చూడొచ్చు. అక్కడ ఉదయమే మంచిది, అదీ సందర్శకుల మాటలు మొదలవకముందే. నల్లతల లకుముకి, చిన్న పచ్చ కొంగ, గరుడ పక్షి, వడ్రంగి పిట్ట కనిపిస్తాయి. ఇక్కడ కూడా నీటిని బట్టే కదలిక. పాటు వేళ మడ చెట్ల ఊపిరి వేళ్ల మధ్య బురద బయటపడితే కొంగలు, లకుముకులు కిందికి దిగుతాయి. హోప్ ఐలాండ్ వైపు పడవ మీద వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి అక్కడ టార్చిలైట్లు, రాత్రి తిరుగుళ్లు పనికిరావు.

తీరం వదిలి లోపలికి వస్తే నీటి లెక్క మనిషి చేతిలోకి వెళ్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో నీరు ఎక్కడ, ఎప్పుడు ఉండాలో కాలువలే నిర్ణయిస్తున్నాయి. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయ్యాక, పుష్యంలో దాళ్వా (రబీ వరి) ఊడ్పులకు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక పశువుల కొంగలు, గోరింకలు బారులు తీరుతాయి. నత్తగుల్ల కొంగలు నత్తల కోసం పొలాల్లో దిగుతాయి. ఫిబ్రవరి చివరికి ఆ దృశ్యం ఉండదు, వరి గుబురు కట్టేసి ఉంటుంది. పొలాల్లో పక్షులు లేవని అప్పుడు అనుకోవడం తొందరపాటే. అవి శివారు భూముల్లో మినుము, పెసర చేల మీదకు, బోదెల గట్ల మీదకు, పడావు పడిన నీటి గుంటలకు మారి ఉంటాయి. పాలపిట్ట, పసిరిక, గద్దలకు అదే చోటు.

రొయ్యల, చేపల చెరువులు వచ్చాక ఇంకో కొత్త క్యాలెండర్ తోడైంది. నిండు చెరువు మీద పక్షులకు ఏమీ దొరకదు. పైన కట్టిన నైలాన్ దారాలు, కాపలావాళ్లు పేల్చే టపాసులు ఉండనే ఉన్నాయి. పట్టుబడి అయిన మర్నాడు, నీళ్లు తోడేసిన చెరువు అడుగున బురదలో మిగిలిపోయిన చిన్న చేపలు, పురుగుల కోసం కొంగలు, స్టిల్ట్‌లు, టెర్న్‌లు అన్నీ ఒకేసారి దిగుతాయి. అంత దగ్గరగా, అంత తీరిగ్గా అన్ని రకాలు మరెక్కడా దొరకవు. ఏ చెరువు ఏ రోజు పడుతున్నారో ఊళ్లో టీ కొట్టు దగ్గర అడిగితే తెలుస్తుంది. చెరువు యజమానిని అడిగి గట్టు ఎక్కడం మర్యాద. పక్షుల వల్ల అతనికి వచ్చే నష్టం నిజమైనదే కాబట్టి, ఉపన్యాసం ఇవ్వకుండా మాట్లాడటం ఇంకా మర్యాద. అయితే ఆ దారాలకు రెక్క చిక్కుకుని వేలాడే కొంగలను చూసినవాళ్లు, మెరిసే రిబ్బన్లు కట్టి దారాలు పక్షికి కనబడేలా చేయమని అడగడంలో తప్పు లేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఉంది. దాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీదా ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కడతాయి. చలికాలం చివర అక్కడ పెద్దయిన పిల్లలు, మేత తెచ్చే తల్లులు కనిపిస్తాయి. తీరంలో పక్షి గుర్తింపుకు తంటాలు పడి టెన్షన్ పెట్టుకునే కొత్తవాళ్లకు ఆటపాక మంచి బడి.

రాజమండ్రి దగ్గర మాత్రం అందం, ప్రమాదం రెండూ ఒకే ఇసుకలో ఉంటాయి. మాఘానికి గోదావరి తగ్గి దిబ్బలు తేలతాయి. రివర్ టెర్న్‌లు, స్మాల్ ప్రాటింకోల్‌లు ఆ ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఇసుక రంగులోనే ఉండే ఆ గుడ్లు కాళ్ల కింద పడే దాకా కనబడవు. దిబ్బ మీద అడుగుపెట్టగానే టెర్న్‌లు నెత్తి మీదుగా అరుస్తూ తిరిగితే అక్కడ గూళ్లు ఉన్నట్టే. మధ్యాహ్నపు ఎండలో తల్లి ఎక్కువసేపు దూరమైతే గుడ్డు ఎండ వేడికి పాడైపోతుంది. పడవలోంచి తీసే ఫొటో చాలు, దిబ్బ మీదకు దిగకూడదు.

తీసిన ఫొటోలు ఎవరికైనా పనికిరావాలంటే వాటికి తేదీ, చోటు తోడవ్వాలి. 1987 నుంచి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, చూసిన పక్షులన్నీ లెక్కపెట్టి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే చాలు. కాకికీ గోరింకకూ అందులో చోటుంది. తీరంలో లెక్కపెట్టేవాళ్లు ఆ సమయానికి నీరు ఎక్కుతోందో దిగుతోందో కూడా రాయాలి. లేకపోతే ఒక ఏడాది నీరు దిగిన వేళా, మరో ఏడాది నీరు ఎక్కిన వేళా లెక్కపెట్టి పక్షులు తగ్గాయనో పెరిగాయనో తప్పు నిర్ణయానికి వస్తారు. పక్షి కాలికి రంగు రింగో, అక్షరాలున్న చిన్న జెండానో కనబడితే ఫొటో మసకగా ఉన్నా పారేయకూడదు. రంగు, ఏ కాలికి ఉంది, మోకాలి పైనా కిందా అన్న వివరాలతో పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే వీలుంటుంది.

పక్షులు తినే బురదకు ఎంత విలువ ఉందో, పోటు వేళ అవి కూర్చునే ఎత్తు నేలకు అంతే విలువ ఉంది. చిక్కేమిటంటే ఆ ఎత్తు నేల ఊరికి ఆనుకుని ఉంటుంది. పైకి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. మట్టి తోలడానికి, షెడ్డు వేయడానికి, చెత్త పోయడానికి అదే అందరి కంట పడుతుంది. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం 2020లో మడ చెట్లు నరికిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు అవసరమే, అందుకు వేరే నేల వెతకొచ్చు. నీటికీ గట్టుకీ మధ్య ఉన్న ఆ కాస్త చోటుకు బదులు మరో చోటు పక్షులకు లేదు. అది పోతే బురద నిండా తిండి ఉన్నా పోటు వేళ నిలబడే దిక్కులేక అవి ఆ అఖాతాన్నే వదిలేస్తాయి. ఏ గుంపు ఎక్కడ, ఏ తిథికి, ఎంత మట్టం దగ్గర కూర్చుంటోందో ఫొటోలతో సహా నమోదు చేసి ఉంచడం ఇలాంటి వివాదాల్లో గట్టి ఆధారం అవుతుంది.

ఒక్క ఆదివారమే తీరిక దొరికినవాళ్లు అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా వచ్చే ఆదివారం ఎంచుకుని, ఉదయం మంచు విడిచే దాకా చొల్లంగి వంతెన మీద గడపొచ్చు. తర్వాత పాటు వేళ పట్టికలో చూసుకోవాలి. అది మధ్యాహ్నం పడితే భోజనం చేసి, నీరు తిరిగే వేళకు ముందే కుంభాభిషేకం వైపు తీరానికి చేరి, సూర్యుడు వీపు మీద ఉండేలా ఒక చోటు చూసుకుని కూర్చోవాలి. పాటు ఆ వేళకు పడకపోతే తీరం మీద ఆశ వదులుకుని సామర్లకోట, యానాం దారుల్లో కాలువ గట్లు, తోడేసిన చెరువులు చూసుకోవడం మేలు. నీళ్ల సీసా, టోపీ, చిన్న చాప, పోటుపాట్ల పట్టిక వెంట ఉండాలి. ఎర్ర చొక్కా ఇంట్లో వదిలేయాలి.